సగటు బెంచీ

జూన్ 13

బడి తెరిచారు. కరస్పాండెంటు గారు పొద్దున్నే పిలిచి, కొత్త హెడ్‌మాస్టరు వచ్చేదాకా ఆ బాధ్యత నన్ను చూడమన్నారు. నన్నే ఎందుకని అడగలేదు. అందరికన్నా సీనియర్ కాబట్టి, ఇంకే కారణమూ లేదని ఆయనే చెప్పారు.

ఆఫీసు గది, బీరువా తాళాలు, కుర్చీ నాకొచ్చాయి. రిటైరైన హెడ్‌మాస్టరు గారు ఆరడుగుల మనిషి. ఆ టేకు కుర్చీ ఆయన కోరి చేయించుకున్నది. కూర్చున్నాను. బాగానే ఉంది. కొంచెం ఎత్తు. హోదా ఉన్న కుర్చీలు ఎత్తుగానే ఉంటాయి.

పదో తరగతి లెక్కలు ఎప్పటిలాగే నావే. తగ్గించమని అడగలేదు. అడిగితే కుదరదంటారు, ఆ మాట వినడం దేనికి.

ఈ ఏడాది బెంచీల సంగతి తేల్చాలి. మాది ఎయిడెడ్ బడి. సర్కారు బడులకు కొత్త బెంచీలు తీసుకుపోయే లారీ మా గేటు ముందు నుంచే పోయింది. మా పిల్లలు చూశారు. మా బెంచీల్లో సగం కుంటివి, మిగతా సగానికి మేకులు లేచాయి.

జూన్ 17

దాత దొరికారు. పులివెందుల దగ్గర చీనీ బత్తాయి తోటలున్న ఆదినారాయణ గారు. చిన్నప్పుడు జమ్మలమడుగులో హాస్టల్లో ఉండి మా బళ్లోనే చదివారట. వాళ్లమ్మ వెంకటసుబ్బమ్మ గారు కిందటి ఆగస్టులో కాలం చేశారు. సంవత్సరీకం లోపల ఆమె పేరున బడి మొత్తానికీ బెంచీలు చేయిస్తానన్నారు. కూర్చునే పలక, రాసే పలక ఒకే ఇనుప ఫ్రేములో ఉండే రకం. ప్రొద్దుటూరులో అస్లాం అనే వెల్డింగ్ షాపాయనకు పని అప్పగిస్తారు. వీపు ఆనించుకునే పలక వెనక తెల్ల రంగుతో అమ్మ పేరు రాయిస్తారు.

ఒకటే షరతు. బెంచీలన్నీ ఒకే ఎత్తు ఉండాలి.

"ఎచ్చుతగ్గులుంటే, గది ఎనక నుంచి ఫోటో తీసినప్పుడు మా అమ్మ పేరు మెట్లెక్కినట్లు కనపడతాది మేడం. గీత గీసినట్లుండాల" అన్నారు.

సబబుగానే తోచింది. ఆరో తరగతి పిల్లకీ పదో తరగతి పిల్లకీ ఒకే ఎత్తా అని అడగబోయాను. అప్పుడే ఆయన జేబులోంచి అమ్మ ఫోటో తీసి చూపించారు. ఫోటో చేతిలో పట్టుకుని అలాంటివి అడగడం బాగుండదు.

జూన్ 18

సాయంత్రానికి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బీపీ అయ్యుంటుంది.

జూన్ 21

ఇవాళ చేసిన పని వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే బాగా చేశాను.

బెంచీలన్నీ ఒకే ఎత్తు ఉండాలన్నప్పుడు ఏ ఎత్తు అన్నది లెక్కల సమస్య. దానికి నేనున్నాను. డ్రిల్లు మాస్టరు ఇర్ఫాన్ సారు వరండా గోడకు టేపు అంటించి, పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఎత్తులు చెప్పారు, నేను రాసుకున్నాను. అందరికన్నా పొట్టి ఆరో తరగతి సహస్ర. పొడుగు పదో తరగతి అల్ఫియా. అన్నీ కూడి, పిల్లల సంఖ్యతో భాగించాను. సగటు ఎనిమిదో తరగతి దగ్గర తేలింది. ఆ ఎత్తు పిల్లకు సరిపోయే బెంచీ చేయిస్తే చాలు. ఎవరి పక్షమూ వహించినట్టు కాదు.

ఇర్ఫాన్ సారు "ఏటిలో సగటు లోతు మోకాలి దాకానే అని దిగినోడు గుండంలో మునిగినాడంట మేడం" అన్నాడు.

పెన్నలో నీళ్లు వచ్చినప్పుడు చూద్దాంలే అన్నాను.

ఫోను చేసి చెబితే ఆదినారాయణ గారు చాలా సంతోషించారు. సగటంటే అందరికీ సమానమే కదా అన్నారు. చదువుకున్నవాళ్లతో పని సులువన్నారు. రాత్రి భోజనం దగ్గర ఈ మాట మా ఆయనకు చెప్పాను. కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. కాళ్ల తిమ్మిరి ఎలా ఉందని అడిగాడు. అలాగే ఉందన్నాను.

"ఇంట్లో ఉన్నప్పుడు రాదేం?"

ఇంట్లో కూర్చునే తీరిక ఏదన్నాను.

జూన్ 24

పదో తరగతి. చివరి బెంచీలో అంచున కూర్చున్న అల్ఫియా కాళ్లు రెండూ దారిలో చాపుకుని ఉంది. లెక్కల్లో ఆ పిల్లే మొదట. కిందటేడు ఇంత పొడుగు లేదు, వేసవి సెలవుల్లో సాగింది. నీట్‌గా కూర్చోమన్నాను. కాళ్లు లోపలికి పెట్టుకోబోయింది. మోకాళ్లు తగిలి రాసే పలక లేచింది, పక్కపిల్ల జామెట్రీ పెట్టె కింద పడింది. క్లాసంతా నవ్వింది. ఇందాకటిలాగే కూర్చోమన్నాను.

లెక్క అందరికన్నా ముందు చేసింది. జవాబు చెప్పడానికి లేవలేదు.

జూన్ 26

అల్ఫియా రాలేదు.

జూన్ 27

రాలేదు. జ్వరమేమో.

జూన్ 28

ఆఫీసు గదిలో కుర్చీ కింద రాజమ్మ చీపురు పెట్టి హాయిగా అటూ ఇటూ ఊడ్చింది. మా అటెండరు. పాత సారుకైతే కాళ్లు ఎత్తండి సార్ అని రోజూ అడగాల్సి వచ్చేదట. "మీ కాళ్లు నేలకు ఆనవు గదా మేడం, ఊడ్చడానికి శానా సులువు" అంది.

మెచ్చుకున్నట్టే అంది. నేనేమీ అనుకోలేదు.

జూలై 1

అల్ఫియా వాళ్లింటికి వెళ్లాను. జ్వరం కాదు.

వాళ్ల నాన్న అన్సర్ కువైట్‌లో ఉన్నాడు. ఇంట్లో తల్లి మసరత్, నాన్నను కన్న జేజి మాబున్ని, అల్ఫియా, చెల్లెలు. మాట చెల్లేది జేజిదే. అన్సర్ కూడా ఫోనులో "అమ్మ ఎట్లంటే అట్ల" అంటాడట. మాబున్ని నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అల్ఫియాను బడి మానిపించామని చెప్పింది. వంటింట్లో పప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

ఎందుకని అడిగాను.

"గౌను పట్టకపోతే చెల్లెలికిస్తాం. బెంచీ పట్టకపోతే బడి అయిపోయినట్లే గదా టీచరమ్మా. వయసు చూసే గదా అవి చేసింటారు. అందురూ నగుతాంటే దావలో కాళ్లు చాపుకొని కూచ్చుంటాందంట, ఎదిగిన పిల్ల. బెంచీలో పట్టని పిల్లకు బడేంది?"

 ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, బెంచీని ఎవరూ ఇలా చదివి చెప్పలేదు. ఆ ఇంట్లో గౌన్లు కూడా చూశాను. కింద అంచు మడిచి కుట్టి, ఏటేటా కొంచెం విప్పుతారు. ఆమె దృష్టిలో అల్ఫియా బడికి ఇక విప్పడానికి అంచు లేదు.

కొత్త బెంచీలు వస్తున్నాయని చెప్పాను.

"వాటిల్లో పడుతుందా?"

పడుతుందన్నాను.

అవి వచ్చాక తానే వచ్చి చూస్తానంది. పడితే పంపిస్తుంది, లేకుంటే లేదు. మసరత్ నా వైపు చూసి తలూపింది. అంతకన్నా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేరని అర్థమైంది.

చెప్పులు వేసుకుంటుంటే అల్ఫియా వాకిలి దాకా వచ్చింది. జేజికి వినపడకుండా చెప్పింది.

"నేను వంగి కూచ్చుంటా మేడం. వంగితే పడతా."

మంచి పిల్ల. సర్దుకునే గుణం ఉంది. ఆ పిల్లతో కూడా అదే అన్నాను.

జూలై 3

ఎనిమిదో తరగతి ఎత్తుకు చేస్తున్న బెంచీలో అల్ఫియా పడుతుందా లేదా అని కొలిచి చూసుకోవచ్చు. కొలతలు నా దగ్గరే ఉన్నాయి. కానీ సగటు తీశాక మళ్లీ ఒక్కొక్కరినీ చూడటం మొదలుపెడితే సగటు తీయడం దేనికి.

చూడలేదు.

జూలై 5

డాక్టరు దగ్గరికి వెళ్లాను. బీపీ లేదట. షుగరూ లేదట. నరాలూ బాగున్నాయట. రోజంతా ఎలా కూర్చుంటారని అడిగాడు. కుర్చీలో అని చెప్పాను. డాక్టరు కుర్రవాడు, ఇంకా అనుభవం రావాలి.

జూలై 12

ప్రొద్దుటూరు నుంచి నమూనా బెంచీ వచ్చింది. నున్నటి పలకలు, నీలం ఫ్రేము, వెనక ‘కీ.శే. వెంకటసుబ్బమ్మ జ్ఞాపకార్థం’. అస్లాం అక్షరాలు కూడా బాగా రాయించాడు. ఆదినారాయణ గారు చూసుకోవడానికి పులివెందుల నుంచి వచ్చారు. అన్న మాట ప్రకారం మాబున్ని అల్ఫియాను వెంటబెట్టుకుని వచ్చింది. ఆఫీసు గదిలోనే బెంచీ పెట్టించాను.

అల్ఫియా కూర్చుంది. మోకాళ్లు రాసే పలక కింద పుస్తకాలు పెట్టే అరకు కొట్టుకున్నాయి. కాళ్లు వెనక్కి మడిచింది, కమ్మీ అడ్డొచ్చింది. పక్కకు తిప్పింది. చివరికి నడుము వంచి, భుజాలు ముడుచుకుని, గడ్డం పలక మీదికి వచ్చేలా కూర్చుని నా వైపు చూసింది. పట్టాను మేడం, అన్నట్టు.

మాబున్ని ఆ పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది.

"పట్టల్యా" అంది.

ఇర్ఫాన్ సారు ఏం తోచిందో, ఆరో తరగతి సహస్రను కూడా తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. కాళ్లు గాల్లో ఊగాయి. అంచుకు జరిగితే కింద అందుతాయి కానీ అప్పుడు పలక అందదు.

ఆదినారాయణ గారు మంచిగానే చెప్పారు. "పెరిగే పిల్లోళ్లు, చిన్నోళ్లు యాడికీ పోరు, అందుకుంటారు. పెద్దోళ్లు ఇంకో ఏడాదికి బయటికి పోయేటోళ్లే. ఒక్క పిల్ల కోసరం మా అమ్మ పేరు వంకర పెట్టల్యాను గదా మేడం."

అందరూ నా వైపు చూశారు. హెడ్‌మిస్ట్రెస్ ఏమంటుందా అని.

సర్దుకుంటుందిలెండి అన్నాను. ఎవరితో అన్నానో నాకే స్పష్టంగా లేదు.

మాబున్ని మనవరాలి చెయ్యి పట్టుకుని లేపింది. గేటు దాకా కూడా అల్ఫియా వంగే నడిచింది.

ఇంటికొచ్చి సగటు మళ్లీ లెక్క వేశాను. సరిగ్గానే ఉంది.

జూలై 13

రాలేదు.

జూలై 15

రాలేదు. రాదు కూడా. హాజరు పట్టీలోంచి పేరు ఎప్పుడు తీసేయాలని క్లాసు టీచరు అడిగింది. ఇప్పుడే ఏం తొందర అని కసిరాను. ఆమె మీద నాకు కోపమేమీ లేదు.

జూలై 17

నమూనా బెంచీ ఇంకా ఆఫీసు గదిలోనే ఉంది. మధ్యాహ్నం కుర్చీ ఎదుట బల్ల మీద డీఈవో ఆఫీసు కాగితాలు పరిచి ఉండటంతో, పేపర్లు దిద్దడానికి చోటు లేక బెంచీలో కూర్చున్నాను.

సరిగ్గా సరిపోయింది. పాదాలు నేలకు ఆనాయి. మోకాళ్లు ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. మోచేతులు పలక మీద ఉన్నాయి. సాయంత్రం బెల్లు దాకా దిద్దాను. లేచి నిలబడ్డాను. తిమ్మిరి లేదు. నా బీపీ ఆ బెంచీలోకి రాలేదు.

 ఈ బళ్లో ఇంతమంది పిల్లల ఎత్తులు కూడి, భాగించి, ప్రొద్దుటూరులో ఇనుము కోయించి, రంగు వేయించి నేను చేయించిన బెంచీ నాకు సరిపోయింది. సహస్రకు కాదు. అల్ఫియాకు కాదు. నాకు.

తర్వాత వెళ్లి హెడ్‌మాస్టరు కుర్చీలో మళ్లీ కూర్చున్నాను, చూద్దామని. ఎక్కాను అనాలి. కాళ్లు గాల్లో ఊగాయి. నెల రోజులుగా ఊగుతూనే ఉన్నాయి. కుర్చీ ఎత్తు అని ఒక్క మాట అంటే, పదవి కూడా ఎత్తే అంటారేమో అని నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"వంగితే పడతా" అని ఆ పిల్ల వాకిట్లో నాతో చెప్పింది. మంచి పిల్లవి అని మెచ్చుకుని వచ్చాను. సిగ్గేస్తోంది. రాసినా తగ్గడం లేదు.

జూలై 20

పులివెందుల వెళ్లి వచ్చాను. ముద్దనూరు మీదుగా బస్సు. బస్సు సీట్లో కూడా నా కాళ్లు ఆనవు, ఇన్నేళ్లుగా గమనించలేదు. టిఫిను సంచీ కింద పెట్టి దాని మీద ఆనించుకున్నాను.

ఆదినారాయణ గారి ఇల్లు పెద్దది. చీనీ రసం ఇచ్చారు. బెంచీల సంగతి ఎత్తడానికి ధైర్యం చాలక ముందు వాళ్లమ్మ గారి గురించి అడిగాను. నన్ను లోపలికి తీసుకుపోయి ఆమె గది చూపించారు. ఏడాదిగా ఏదీ కదపలేదట. గోడవారన నగిషీ పెట్టిన పెద్ద టేకు మంచం, కానీ నేలకు మరీ దగ్గరగా ఉంది.

"మంచం కోళ్లు నేనే కోయించినా" అన్నారు. "ఆఖర్న మోకాళ్ల నొప్పులు జాస్తి అయి, మంచం ఎక్కల్యాకపాయ. మా తాత చేయించిన మంచం. కొయ్యల్యానప్పా అని వడ్లాయన బాధపడినాడు. మంచం ముఖ్యమా, మనిషి ముఖ్యమా అంటి."

ఆ మాట అని ఆయన మంచం వైపు చూశారు.  నేను మిగిలిన రసం తాగాను.

ఆయనే అడిగారు.

"ఆ పొడుగు పిల్ల బడికి వస్తాందా?"

"రావడం లేదన్నా. మానిపించారు. తప్పు మీది కాదు. సగటు తీసింది నేను."

ఇక మొదలుపెట్టాక ఆగలేదు. ఎత్తు నిలబెట్టి కొలవకూడదని, కూర్చోబెట్టి మోకాలి మడత నుంచి నేల దాకా కొలవాలని, మూడు సైజులు చేయిస్తే చాలని, ప్రతి గదిలోనూ చిన్నవి ముందూ పెద్దవి వెనకా వేస్తామని, ఏడాదికోసారి కొలిచి పిల్లల్ని మారుస్తామని చెప్పాను. బెంచీ చాలకపోతే బెంచీ మారాలి గానీ పిల్ల మానేయకూడదు కదా అన్నాను.  

"అయితే మా అమ్మ పేరు మెట్లెక్కుతాది" అన్నారాయన.

"ఎక్కుతుందన్నా. వెనక వరస దాకా."

ఆయన మంచం పట్టె మీద చెయ్యి వేసి కాసేపు తడిమారు.

"ఎక్కనీలే. ఆఖరి నాళ్లలో మిద్దె మెట్లు ఎక్కల్యాకపాయ."

ఇద్దరం ఏడ్వలేదు. ఆయన ఫ్యాను వేశారు.

జూలై 22

ఇర్ఫాన్ సారు పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మోకాళ్ల దగ్గర టేపు పెడుతున్నాడు. ఆరో తరగతివాళ్లకు చక్కిలిగింతలు. రోజంతా అదే గోల. పెన్నలో నీళ్లొచ్చాయా మేడం అని అడిగాడు. పని చూసుకోమన్నాను.

అల్ఫియా కొలతల కోసం వాళ్లింటికి మళ్లీ వెళ్లాను. మాబున్ని టేపు తన చేతిలోకి తీసుకుని తానే కొలిచింది. ఒక అంగుళం కలిపి చెప్పింది. గౌన్లకు అలాగే చెబుతుందట. అలాగే రాసుకున్నాను.

ఆగస్టు 8

బెంచీలు వచ్చాయి. లారీ మా గేటు లోపలికి వచ్చింది. పిల్లలు చూశారు.

అస్లాం మనుషులు బిగించడం అయ్యాక, వాళ్ల దగ్గర రంపం ఉంది కదా అని, హెడ్‌మాస్టరు కుర్చీ కాళ్లు కోయించాను. మంచి టేకు మేడం, కోయాలా అని అస్లాం ఒకటికి రెండుసార్లు అడిగాడు. మంచం ముఖ్యమా అనబోయి, కోయమన్నాను. కరస్పాండెంటు గారు వచ్చి చూసి, కుర్చీ చిన్నదైందే అన్నారు. సరిపోయింది సార్ అన్నాను.

సాయంత్రం రాజమ్మ ఊడ్చడానికి వచ్చి నా ముందు ఆగింది. కాళ్లు ఎత్తమంది. ఎత్తాను. పాత కష్టం మళ్లీ వచ్చిందని గొణుక్కుంటూ ఊడ్చింది.

ఆగస్టు 9

సంవత్సరీకం. ఆదినారాయణ గారు బంధువులతో వచ్చారు. పదో తరగతి గదిలో వెనక నుంచి ఫోటో తీయించుకున్నారు. వెంకటసుబ్బమ్మ గారు ముందు వరసలకు పోయేకొద్దీ మెట్టు మెట్టు దిగుతూ నల్లబల్ల దాకా పోయారు. ముందు నుంచి చూస్తే ఎక్కుతూ వచ్చినట్టేనని ఆయనే అందరికీ చెప్పారు. ముందు నుంచి పేరు కనపడదు. ఆ మాట ఎవరూ అనలేదు.

మాబున్ని వచ్చింది. చివరి వరసలో ఎత్తు బెంచీలో అల్ఫియాను కూర్చోబెట్టింది. మోకాళ్లకూ పలకకూ మధ్య పిడికిలి దూర్చి చూసింది, గౌను నడుము దగ్గర దూర్చి చూసినట్టు. పిడికిలి దూరింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. లేచి నిలబడమంది, మళ్లీ కూర్చోమంది. గదంతా ఊపిరి బిగబట్టింది. నేనైతే బిగబట్టాను.

"ఇంటర్ దాకా వస్తాది" అంది.

మా బడి పదో తరగతితో ఆఖరు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆగస్టు 12

అల్ఫియా వచ్చింది. చివరి వరసలో కూర్చుంది. బెంచీలో ఎంత చోటున్నా నడుము వంచి, భుజాలు ముడుచుకునే కూర్చుంది. పాఠం మధ్యలో చెప్పాను, నిటారుగా కూర్చోమని. కొంచెం లేచింది. మళ్లీ చెప్పాను. ఇంకొంచెం. సుద్దముక్క పక్కన పెట్టి ఆమె దగ్గరికి వెళ్లి, వీపు మీద చెయ్యి ఆనించి, ఇక్కడ ఎవరి కోసమూ సర్దుకోనక్కర్లేదమ్మా అని చెప్పాను.

అప్పుడు పూర్తిగా లేచి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. ఇంత పొడుగు పిల్ల అని నాకు ఇప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నం ఇర్ఫాన్ సారును పిలిచి, గోడకు నిలబెట్టి ఆ పిల్ల ఎత్తు మళ్లీ చూడమన్నాను. జూన్‌లో రాసుకున్నదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. రెండు నెలల్లో అంత పెరగరు. ఆరోజు గోడ దగ్గర కూడా వంగే నిలబడిందన్నమాట. మేమిద్దరం చూస్తూనే రాసుకున్నాం.

అంటే నేను తీసిన సగటు కూడా తప్పే.